గల్లీ మొత్తానికి ఒకే నోరు

2024 నవంబరు 18, సోమవారం. ఆ ఒక్క మధ్యాహ్నం మాదన్నపేట కూరగాయల మార్కెట్టు వెనుక గల్లీలో పూజిత అడిగిన ప్రశ్నలు ముప్పై ఎనిమిది. వాటిలో ముప్పై ఐదింటికి జవాబు చెప్పింది పుష్పమ్మ. చిక్కంతా ఎక్కడంటే, ఆ ముప్పై ఎనిమిదిలో ఒక్క ప్రశ్న కూడా పూజిత పుష్పమ్మను అడగలేదు. తక్కిన మూడింటికైనా అసలు మనుషులు జవాబు చెప్పుకోగలిగారంటే, ఆ సమయానికి పుష్పమ్మ చాయ్ మింగుతూ ఉండటమే కారణం.

పుష్పమ్మ అంటే ఇంతే. ప్రశ్న ఎవరు ఎవరిని అడిగినా సరే, ఆమె చెవిన పడితే జవాబు ఆమెది. పాలవ్యాపారం చేసే ఎల్లయ్య భార్య. వయసు యాభై ఎనిమిది. గల్లీ ఈ కొసన నిలబడి మాట్లాడితే ఆ కొసన కుక్క తలెత్తే గొంతు. అన్యాయం ఏమిటంటే, ఆమె చెప్పే జవాబులు నూటికి తొంభైపాళ్లు నిజం. అబద్ధమైతే ఖండించవచ్చు. నిజాన్ని ఏం చేస్తాం?

ఒకసారి పక్కింటి రామలింగయ్య దవాఖానాకు వెళ్లాడు. డాక్టరు "నొప్పి ఎక్కడ?" అని అడిగాడు. రామలింగయ్య నోరు తెరిచేలోగా వరుసలో వెనుక కూర్చున్న పుష్పమ్మ అందుకుంది.

"నడుము సారూ. మోకాలు అని చెప్తడు, నమ్మకు. నడుమంటే సూది ఏస్తవని భయం."

డాక్టరు సూది వేశాడు. ఆనాటి నుంచి రామలింగయ్య ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఎందుకు మానేశావని ఆయన్ను ఎవరైనా అడిగితే ఆ కారణం కూడా పుష్పమ్మే చెబుతుంది.

చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే బస్సులో కండక్టరు ఒక అపరిచితుణ్ని "ఎక్కడికి?" అని అడిగితే, "ఫలక్‌నుమా. చేతిల సంచి మీద ఆడి దుకాణం పేరున్నది కద" అంది పుష్పమ్మ. ఆ పెద్దమనిషి నిజానికి రెండు స్టాపుల ముందే దిగాలి. కానీ ఆమె గొంతులోని ధీమాకు లొంగిపోయి ఫలక్‌నుమాకే టికెట్టు తీసుకుని, అక్కడే దిగి, వెనక్కి నడిచి వెళ్లాడట. కొరియరు కుర్రాడు ఎవరి గుమ్మంలో నిలబడి ఓటీపీ అడిగినా నాలుగంకెలూ పుష్పమ్మ ఇంటి అరుగు మీది నుంచే వినబడతాయి. ఎదురింటి సోనీకి పెళ్లిచూపులు జరిగిన రోజున, "అమ్మాయికి వంట వచ్చా?" అని పిల్లవాడి మేనత్త అడిగింది. సోనీ తల వంచుకుంది. "రాదు. మీ పోరనికొచ్చా?" అంది పుష్పమ్మ, పిలవని పేరంటానికి వచ్చి కూర్చుని. సంబంధం కుదిరింది. పిల్లవాడికి వంట వచ్చునట.

ఇలాంటి గల్లీలోకి పూజిత పరిశోధనకు వచ్చింది.

ఆమె సమాజశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. గుడిమల్కాపూర్‌లో పూల టోకు వ్యాపారుల ఇంట పుట్టినా, పూలకంటే పట్టికలంటేనే ఇష్టపడుతుంది. కుటుంబంలో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారన్నది ఆమె పరిశోధనాంశం. ఎన్నుకున్న స్త్రీలను ఒక్కొక్కరినే ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. ఎవరి జవాబు వారే చెప్పాలి. ప్రతి ప్రశ్నాపత్రం చివర ఒక చిన్న గడి ఉంటుంది: "జవాబు స్వయంగా చెప్పిందా?" అవునంటే ఒకటి, కాదంటే సున్నా. సొంత నోటితో జవాబు చెప్పుకోగలిగిన స్త్రీకి ఇంట్లో మాట చెల్లుతుందనీ, తన తరఫున మరొకరు మాట్లాడే స్త్రీకి చెల్లదనీ పూజిత సిద్ధాంతం. రెండేళ్లు పుస్తకాలు తిరగేసి తయారుచేసుకున్న కొలమానం అది.

గల్లీలో నూట ఇరవై ఇళ్లు. ఐదింటికొకటి చొప్పున ఇరవై నాలుగు. ఈ లెక్క పుష్పమ్మకు బొత్తిగా నచ్చలేదు.

"ఐదో ఇల్లే ఎందుకు బిడ్డా?"

"నాకు నచ్చినవాళ్లను నేను ఏరుకోలేదని తెలియాలి కదా పెద్దమ్మా."

"ఐదో ఇంటామె మాట్లాడదు. నాలుగో ఇంటామె మస్తు మాట్లాడ్తది. ఆమెను రాసుకో."

"అట్లా రాసుకోకూడదు."

"గిదేం చదువే! మాట్లాడెటోళ్లను ఇడిసిపెట్టి మాట్లాడనోళ్ల ఎంబడి పడ్డవు. సరే తీయ్, ఫికర్ చెయ్యకు. నేనొస్త పా."

వచ్చింది. ప్రతి ఇంటికీ వచ్చింది. తలుపు మూస్తే కిటికీ దగ్గరికి వచ్చింది.

"మీ ఇంట్లో పెద్ద వస్తువు ఏదైనా కొనాలంటే ఎవరు నిర్ణయిస్తారు?" అని పూజిత సోనీని అడిగింది.

"మా..." అంది సోనీ.

"వాళ్లమ్మ," అంది కిటికీ. "వాళ్ల నాయిన నేనే అనుకుంటడు. అనుకోనిస్తరు."

"పెద్దమ్మా, సోనీ చెప్పాలి."

"చెప్పనీ, నేనొద్దన్ననా? చెప్పు సోనీ."

"అమ్మ," అంది సోనీ.

"సూసినవా? ఒక్క ముచ్చట రెండుసార్లు రాసుకుంటున్నవు. టైం ఖరాబు."

పద్ధతి పనిచేయకపోతే మరో పద్ధతి పట్టమంటుంది శాస్త్రం. పూజిత బృందచర్చ పెట్టింది. సోనీ వాళ్ల మిద్దె మీద ఎనిమిది మంది స్త్రీలు, మధ్యలో రికార్డరు. చర్చ గంటా పన్నెండు నిమిషాలు సాగింది. ఇంటికి వెళ్లి విని రాసుకుంటే తేలిందేమిటంటే, గంటా నాలుగు నిమిషాలు పుష్పమ్మది; తక్కిన ఎనిమిది నిమిషాలు ఎనిమిది మంది "ఆ", "గంతే", "అవ్ మల్ల" అన్నవి. పుష్పమ్మ ఆ ఎనిమిది మందిలో లేదు. తొమ్మిదో మనిషి.

సరే, మాటలే వద్దనుకుని ప్రశ్నాపత్రాలను కవర్లలో పెట్టి, ఎవరిది వారే నింపి అంటించి ఇవ్వండని పంచింది. మూడు రోజుల్లో అన్నీ తిరిగి వచ్చాయి. అన్నీ అంటించి ఉన్నాయి. అన్నింటిలోనూ ఒకే గుండ్రని చేతిరాత. జవాబులు మాత్రం ఏ ఇంటివి ఆ ఇంటికి సరిగ్గా సరిపోయేలా వేరువేరుగా ఉన్నాయి. తొమ్మిదో ప్రశ్న పక్కన ప్రతి కాగితంలోనూ "ఈ సవాలు మంచిగ లేదు" అని రాసి ఉంది. తొమ్మిదో ప్రశ్న నిజంగానే బాగాలేదని పూజితకు ఆ రోజే తెలిసింది. అది ఇంకా ఎక్కువ అలసట కలిగించింది.

"మేడం, నావల్ల కావడం లేదు," అని ఆమె తన గైడు విమలాదేవితో అంది.

"అలసట సమాచారం కాదు పూజితా," అంది విమలాదేవి, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఆమె నిన్ను మాట్లాడనివ్వకపోతే కూర్చుని చూడు. చూడటం కూడా పద్ధతే. ఒకటి గుర్తుపెట్టుకో. ఈ గల్లీలో ఇప్పటికే రెండు ఇళ్లు పోయాయి. ఒకటి తాళం, ఒకటి ఖాళీ చేసి వెళ్లారు. రెండుకు మించి పోతే గల్లీ మొత్తం తీసేయాల్సిందే. కొత్త గల్లీకి టైము లేదు. జనవరి ముప్పై ఒకటి దాటితే సిద్ధాంతవ్యాసం తీసుకోరు."

పూజిత డిసెంబరంతా పుష్పమ్మ అరుగు మీదే కూర్చుంది. పుష్పమ్మ చుట్టాలింటికి చాంద్రాయణగుట్ట వెళ్లిన ఒక మంగళవారం నాడు చెప్పులు తెగేలా పరుగెత్తి పదకొండు ఇళ్లు పూర్తిచేసింది. పుష్పమ్మకు జలుబు చేసి గొంతు పోయిన రెండు రోజుల్లో మరో పది. మొత్తం ఇరవై ఒకటి. మిగిలింది ఒకే ఒక్క ఇల్లు.

అది పుష్పమ్మదే. అందులోనూ, ఇంట్లో ఎవరిని అడగాలో చీటీలు వేస్తే వచ్చిన పేరు పుష్పమ్మది కాదు, కోడలు యశోదది. యశోదకు ముప్పై ఒక్కేళ్లు. పొద్దున పాలు కొలిచి పోస్తుంది, కొడుకు పింటూను బడికి పంపుతుంది, అందరినీ చూసి నవ్వుతుంది. "మంచి పిల్ల, తక్కువ మాట్లాడ్తది" అంటుంది గల్లీ. పుష్పమ్మ ఊరికి పోయినా కోడల్ని వెంటబెట్టుకునే పోతుంది. జలుబు చేసిన రోజుల్లో సైతం యశోదను ఎవరైనా ఏదైనా అడిగితే, పోయిన గొంతుతోనే బొంగురుగా జవాబిచ్చింది.

పరిశీలనలో పూజిత గీసుకున్న పట్టికలో ఒక విచిత్రం తేలింది. ఇతరుల విషయంలో పుష్పమ్మ మొదటి మాటైనా బయటికి రానిస్తుంది, ఆ తరువాత మీద పడుతుంది. పదిసార్లకు ఒకసారి పూర్తి జవాబు కూడా వాళ్లకు దక్కుతుంది. యశోదను ఎవరైనా అడిగిన ప్రశ్నలు ఇరవై ఆరు. యశోద చెప్పినవి సున్నా. ఒక్క అక్షరం కూడా లేదు. పుష్పమ్మ ఒక్క క్షణం ఆగినది కూడా లేదు.

పూజిత ఆ వరుసకు ఎదురుగా ఎర్రసిరాతో "అత్త పెత్తనం" అని రాసుకుంది. రెండు నెలల తరువాత దొరికిన మొదటి నిర్ధారణ. అలసిపోయిన మనిషికి నిర్ధారణ దొరికితే కుర్చీ దొరికినట్టే. వెంటనే అందులో కూలబడుతుంది.

జనవరి 22న పూజిత ఎల్లయ్యను పట్టుకుంది.

"బాపూ, పెద్దమ్మను ఒక్క రెండు గంటలు ఎక్కడికైనా తీసుకుపోతారా? యశోదక్కతో ఒంటరిగా మాట్లాడాలి. నా చదువంతా ఈ ఒక్క కాగితం మీద ఆగింది."

ఎల్లయ్య అటూ ఇటూ చూశాడు. "నన్నడిగినవా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"మిమ్మల్నే."

"నన్నెవరన్న అడగక మస్తు రోజులైంది. సరే బిడ్డా. పూల మార్కెట్‌కు తోల్కపోత."

వాళ్ల ఆటో మలుపు తిరిగింది. పూజిత యశోద ఎదురుగా చాప మీద కూర్చుని, కాగితం సర్దుకుని, అన్నిటికన్నా తేలికైన మొదటి ప్రశ్న అడిగింది.

"మీ పేరు చెప్పండి అక్కా."

యశోద నోరు తెరిచింది. మాట రాలేదు. మెడ దగ్గర నరం బిగిసింది. కళ్లు గోడ మీది క్యాలెండరు మీద ఆగిపోయాయి. గొంతులో ఏదో గట్టిగా తలుపు మూసుకున్నట్టు, లోపలి నుంచి ఆమె దాన్ని నెడుతున్నట్టు ఉంది. పూజిత అలవాటు కొద్దీ సెకన్లు లెక్కపెట్టింది. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో సెకను ఆమెకు భరించరానిదిగా తోచింది.

"యశోద... కదా?" అంది.

అన్నాక తెలిసింది ఏం చేసిందో. ఎవరి జవాబు వారే చెప్పాలని రెండు నెలలు గల్లీ మొత్తానికి పాఠం చెప్పిన మనిషి, తొమ్మిది సెకన్లలో పుష్పమ్మ అయిపోయింది.

యశోద నవ్వి, "ఆగు" అన్నట్టు చెయ్యెత్తింది. అంతలోనే బయట ఆటో ఆగిన చప్పుడైంది. ఎటు పోవాలని డ్రైవరు అడిగితే పుష్పమ్మ రెండు మలుపుల దాకా ఆలోచించి "ఎనక్కి" అందట.

"యశోద! పేరు యశోద, ఉమరు ముప్పై ఒకటి, ఇంటర్ చదివింది, ఇంకేం గావాలె నీకు?" అంటూ చెప్పులతోనే లోపలికి వచ్చింది. "నేను లేనప్పుడే అడగాల్నా?"

పూజిత లేచి నిలబడింది. ఆమె గొంతులో రెండు నెలల ఎండ, దుమ్ము అన్నీ ఉన్నాయి. "పెద్దమ్మా, ఊరందరి జవాబులూ మీరే చెప్పండి. కానీ కోడలి నోరు కూడా మీరే నొక్కేస్తే ఎట్లా? మీ ముందు ఆమె ఒక్క మాటైనా మాట్లాడగా నేను చూడలేదు. ఇది పెత్తనం కాకపోతే ఏంటి?"

పుష్పమ్మ జవాబు చెప్పలేదు.

గోడకానుకుని ఎల్లయ్యే నెమ్మదిగా అన్నాడు. "ఈమె మొదట్ల గిట్ల లేకుండె బిడ్డా. పది మాటలడిగితే ఒకటి చెప్పేది. కోడలొచ్చినంకనే మొదలైంది ఈ లొల్లి."

"నువ్వు ఊకో," అంది పుష్పమ్మ. కానీ ఆ గొంతు గల్లీ కొస దాకా వెళ్లేది కాదు, చాప దాటలేదు. "తొమ్మిదేండ్ల కింద, పెండ్లయి వచ్చిన మూడో నాడు నల్లా కాడ ఎవతో పేరడిగింది. ఈ పొల్ల చెప్పబోయింది. మాట తట్టుకున్నది. పేరు బయటపడేలోపే ఇద్దరు నవ్విన్రు. బిందె ఆడనే ఇడిసిపెట్టి ఇంట్లకొచ్చి కూసున్నది. ఆనాడే అనుకున్న. ఈమె ఒక్కదానికే నేను జవాబు చెప్పిననుకో, ఈమెకు నత్తి అని గల్లీ అంతా తెలుస్తది. అందరికి చెప్పిననుకో, పుష్పమ్మకు పిచ్చి అంటరు. అననియ్. నాకేం పోతది?"

పూజిత చేతిలో పెన్ను ఉంది. రామలింగయ్య నడుమూ, సోనీ వంటా, బస్సులోని అపరిచితుడూ, తొమ్మిదేళ్లపాటు గల్లీ నవ్వుకున్న నవ్వంతా ఒక్క పిల్ల మీద పడకుండా వేసిన చాటు అని తెలిశాక ఏ గడిలో టిక్కు పెట్టాలి?

"అ... అత్తమ్మా," అంది యశోద. ఆ తరువాతి మాటకు చాలాసేపు పట్టింది. ఈసారి ఎవరూ అందించలేదు. "నువ్వు... జర బయట కూసో."

"నేనా?"

"ఊఁ."

"మరి నువ్వెట్ల..."

"చెప్త."

పుష్పమ్మ బయట కూర్చుంది. నలభై నిమిషాల ప్రశ్నాపత్రానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఆ రెండు గంటల పది నిమిషాలూ పుష్పమ్మ జీవితంలో ఆమె పడిన అన్ని కష్టాలకన్నా పెద్ద కష్టం. మూసిన తలుపు అవతల ప్రశ్న వినబడుతుంది. జవాబు ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. లోపల మాత్రం నిశ్శబ్దం. మూడో ప్రశ్నకు కొంగు నోట్లో కుక్కుకుంది. ఎనిమిదో ప్రశ్నకు ఎల్లయ్య మోచేయి పట్టుకుని గిల్లింది. పన్నెండో ప్రశ్నకు ఆగలేక దారిన పోతున్న కూరగాయల బండివాణ్ని, "నన్ను ఏమన్న అడుగు రా!" అని బతిమాలింది.

పదిహేడో ప్రశ్న: "మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరివి?"

యశోద తొందరపడలేదు. ఆగి, తట్టుకుని, మళ్లీ మొదలుపెట్టి చెప్పింది. పింటూను ఏ బడిలో వేయాలన్నది ఆమె నిర్ణయమే. రెండో బర్రెను అమ్మేద్దామన్నది ఆమె. మామకు కంటి ఆపరేషను ఎక్కడ చేయించాలో చెప్పింది ఆమె. పొద్దున పాలు కొలిచేటప్పుడు అత్తాకోడళ్లు అన్నీ మాట్లాడుకుంటారు. యశోద ఎంతసేపు తీసుకున్నా పుష్పమ్మ వింటుంది. ఆ తరువాత బయట ఎవరు అడిగినా ఆ మాటే చెబుతుంది.

"నోరు... అత్తమ్మది," అంది యశోద. "జవాబు నాది."

పూజిత ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంది. చివరి గడి దగ్గరికి వచ్చి, "స్వయంగా చెప్పిందా?" అన్నదానికి ఒకటి వేసింది. తరువాత ఆ ప్రశ్ననే అడ్డంగా కొట్టేసింది. ఆ సాయంత్రం విమలాదేవికి, పేర్లేవీ చెప్పకుండా, ఫోనులో అంతా వివరించింది.

"అంటే మూడో అధ్యాయంలో కొలమానం తప్పు," అంది విమలాదేవి.

"తప్పు మేడం. అధ్యాయం మళ్లీ రాయాలి."

"ఇంకా తొమ్మిది రోజులుంది," అంది ఆమె. "ఆ అత్తగారిని నేనొకసారి చూడవచ్చా?" అని అడిగింది.

"చూడవచ్చు మేడం. ఏమీ అడగకండి, చాలు."

తరువాతి వారం, బుధవారం మధ్యాహ్నం, తిరగరాసిన అధ్యాయం సంచిలో పెట్టుకుని, నిద్ర చాలని కళ్లతో పూజిత గల్లీకి వచ్చింది. ఇరవై రెండు ఇళ్లకూ ధన్యవాదాలు చెప్పి వెళదామని ఆమె ఉద్దేశం. ఎల్లయ్య ఇంటి అరుగు మీద పుష్పమ్మ, సోనీ, మరో ఇద్దరు ఆడవాళ్లు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పింటూ బడిలో తల్లిదండ్రుల సమావేశమట. ఈసారి యశోద ఒక్కతే వెళ్లి, అప్పుడే తిరిగి వచ్చి చెప్పులు విడుస్తోంది.

"పెద్దమ్మా, టీచరేమన్నదంట పింటూ గురించి?" అని సోనీ పుష్పమ్మనే అడిగింది, తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ.

పుష్పమ్మ నోరు తెరిచింది. మూసింది. చిక్కుడుకాయ ఒకటి రెండుగా విరిచింది. మళ్లీ తెరిచింది.

"నన్నెందుకడుగుతవే? పోయొచ్చింది ఆమె. ఆమెనే అడుగు," అంది. తరువాత పక్కనున్న పీటను కాలితో సోనీ వైపు జరిపింది. "జర టైం పడ్తది. మంచిగ కూసో."

సోనీ కూర్చుంది. పూజిత కూడా సంచి దించి కూర్చుంది.